లోపల వదిన ఉంది

వానలు మొదలైన వారంలోనే మా లాండ్రీలోకి దుప్పట్లు మడతపెట్టే యంత్రం దిగింది. ఆసుపత్రి దుప్పటి మడత పెట్టాలంటే అప్పటిదాకా ఇద్దరు మనుషులు కావాలి. చెరో అంచూ పట్టుకుని, ఒక్కసారి విదిలించి, ఎదురెదురుగా నడిచి వచ్చి అంచులు కలపాలి. పద్నాలుగేళ్ళుగా నా ఎదుటి అంచు పట్టుకున్నవాడు మా మరిది.

మా మరిదికి నలభై రెండేళ్ళు. ఇంట్లో, లాండ్రీలో, వీధిలో అందరికీ చిన్నోడే. పుట్టుకతోనే బుద్ధి నెమ్మది. అక్షరం పట్టుబడలేదు, గడియారం చూడటం రాదు. ఫిట్స్ రాకుండా పొద్దునొకటి, సాయంత్రమొకటి మాత్ర పడాలి. కానీ వాడు కలిపిన దుప్పటి అంచుల్లో వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే.

యంత్రం వచ్చిన మూడో రోజున సూపర్‌వైజర్ నన్ను పక్కకి పిలిచాడు.

"ఒకటో తారీఖు నుంచి నువ్వు ఇస్త్రీలోకి. పొద్దున అయిదింటి షిఫ్టు. చిన్నోడు తువ్వాళ్ళ దగ్గరికి, తొమ్మిదింటికి."

"అయ్యా, వాణ్ణి నేనే కదా వెంటబెట్టుకొచ్చేది. టైములు వేరైతే ఎలా?"

"వాణ్ణి తీసేయమన్నారమ్మా పైవాళ్ళు. తువ్వాళ్ళలోనైనా ఉండనివ్వమని బతిమాలాను. ఇంకేం అడగకు నన్ను."



ఆ ఆదివారమే మా ఆడపడుచు వచ్చింది. చిన్నోడికి సొంత అక్క. వేరే ఊళ్ళో ఒక బడిలో గుమాస్తాగా చేస్తుంది. గొడుగు గుమ్మం బయట పెడుతూనే అందుకుంది.

"చీకటితో నువ్వెళ్ళిపోతే వాణ్ణి లేపేదెవరు వదినా? మాత్ర వేసేదెవరు? గ్యాస్ కట్టేసేదెవరు? బస్సెక్కించేదెవరు?"

"చూద్దాం అమ్మడూ. ఏదో ఒక దారి దొరక్కపోదు."

"దారి నేను చూశాలే. మా ఊళ్ళో హోమ్‌లో ఒక మంచం ఖాళీ అవుతోంది. వచ్చే నెల ఇరవయ్యో తారీఖు దాకా ఆపుతామన్నారు."

ఆ హోమ్ నేను ఒకసారి చూశాను. శుభ్రంగానే ఉంది. వరండాలో గోడవారగా కుర్చీలు, కుర్చీల్లో మనుషులు. ఒకాయన తన చొక్కా అంచు మడుస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడుస్తున్నాడు. మేం వెళ్ళినప్పుడూ అదే, తిరిగి వచ్చేటప్పుడూ అదే.

"ఇరవయ్యో తారీఖు దాకా టైమివ్వు నాకు," అన్నాను. "వాడంతట వాడు లేచి, తయారై, పనికెళ్ళడం నీకు చూపిస్తాను."

"చూపించలేకపోతే?"

"నువ్వన్నట్టే కానీ."

"తర్వాత మాట మార్చకూడదు మరి."

చిన్నోడు మంచం మీద కూర్చుని బంతాట చూసినట్టు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. "అక్కా, నీ జడ తెల్లబడిపోయింది," అన్నాడు. ఆవిడ నవ్వేసింది. నవ్వుతూనే పమిటతో కళ్ళు తుడుచుకుంది. ఆవిడ చెడ్డ మనిషైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు.

ముందు నా తెలివంతా చూపించాను. యూనియన్ గదిలో షిఫ్టు అయ్యాక చెప్పే చదువులో యాభై ఆరో ఏట అక్షరాలు దిద్దాను నేను. కొత్తగా వచ్చిన విద్య కదా, లోకమంతా దాంతోనే నడుస్తుందనిపించేది. ఇంటినిండా చీటీలు అంటించాను. స్టవ్ మీద 'ఆపు' అని, సీసా మీద 'మందు' అని, తలుపు మీద 'తాళం' అని. నాకొచ్చినప్పుడు వాడికెందుకు రాదని పంతం. వాడు వాటినన్నిటినీ జాగ్రత్తగా ఊడదీసి, నాలుగేసి మడతలు పెట్టి తెచ్చి నా చేతిలో పోశాడు. ఒక్కటీ చిరగలేదు.

అప్పుడు వెళ్ళాం సెంటర్‌కి. ఇలాంటివాళ్ళకి చేతిపని నేర్పే చోటు అది. అక్కడి మేడమ్ బల్లమీద సామానంతా పరిచింది. మాత్ర వేళకి మోగే డబ్బా, మనిషి ఎక్కడున్నాడో చెప్పే చేతిపట్టీ, మెడలో వేసుకునే పసుప్పచ్చటి పెట్టె. ఆ పెట్టెకి నాలుగు పెద్ద మీటలు, ఒక్కో మీట మీదా ఒక్కో బొమ్మ. వేళకి అది మాట్లాడుతుంది. వాటి పక్కనే ఒక మామూలు ఫోను.

"ఈ పసుప్పచ్చది ఇలాంటివాళ్ళ కోసమే చేసిందమ్మా. కింద పడ్డా పగలదు, తప్పు నొక్కినా చెడిపోదు. ఫోనేమో అందరూ వాడేదే. దాంట్లోనూ ఇవన్నీ పెట్టుకోవచ్చు, కాకపోతే ఓపిగ్గా సర్దుకోవాలి."

"రెంటిలో ఏది మంచిదమ్మా?"

"రోజూ చేతిలోకి తీసుకునేది మంచిది. మా బీరువా తెరిస్తే చూద్దురుగాని, ఎంతెంత గొప్పవో. ఇంటికెళ్ళిన పది రోజులకే తిరిగొచ్చినవి." వాడివైపు తిరిగింది. "నువ్వు చెప్పవయ్యా, నీకేది కావాలి?"

వాడి చెయ్యి మెల్లగా బల్లమీదికి పాకింది. ఫోనువైపు వెళ్తోంది.

"వాడికేం తెలుసమ్మా," అన్నాను. "పసుప్పచ్చదే ఇవ్వండి. వీళ్ళకోసం చేసిందంటున్నారుగా, భయముండదు."

మేడమ్ పసుప్పచ్చటి పెట్టె నావైపు జరిపింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

మొదటి వారం బాగానే గడిచింది. ఎదురింట్లో కుట్టుమిషనావిడ ఉంటుంది. కిటికీలోంచి మా గుమ్మం మీద ఓ కన్నేసి ఉంచమన్నాను. పెట్టె లేపితే లేచాడు, మాత్రన్నప్పుడు మాత్ర వేసుకున్నాడు, బస్సన్నప్పుడు బస్సెక్కాడు. లాండ్రీకి వచ్చాకే అసలు కథ.

ఆ పెట్టెలో ఉన్నది ఎవరో మర్యాదస్తురాలి గొంతు. నిండు పనిలో, బట్టలారబెట్టే యంత్రాల హోరులో, ఉన్నట్టుండి "మీరు ఇప్పుడు నీళ్ళు తాగే సమయం" అనేది. డ్రయ్యరతనికి అంతకన్నా కావలసిందేముంది?

"ఏం సార్, మైకు తగిలించుకొచ్చారు, ఓట్లడుగుతారా?"

చిన్నోడు నవ్వేవాడు. మర్నాటికి హాలంతా పట్టుకుంది ఆ పాట. "మీరు ఇప్పుడు టీ తాగే సమయం!" అని ఒకడు, "మీరు ఇప్పుడు ముక్కు చీదుకునే సమయం!" అని ఇంకొకడు. దానికీ నవ్వాడు. ఆ తర్వాత ఒకావిడ, తిట్టాలని కాదు, జాలిపడుతూనే అంది: "తప్పిపోతాడని మెడలో గంట కట్టారా అమ్మా, పశువుకి కట్టినట్టు?" ఆ మాటకి మాత్రం వాడు నవ్వలేదు.

తొమ్మిదో రోజున చూద్దును కదా, వాడి మెడ బోసిగా ఉంది. గొంతు మాత్రం ఎక్కడినుంచో వస్తోంది. ఇస్త్రీ వదిలేసి పరిగెత్తాను. మాసిన దుప్పట్ల గుట్టలో వెతికాను, తోపుడు బండ్లలో వెతికాను. డ్రయ్యరతను కేకేశాడు: "ఇటు రా అమ్మా, నీ మేడమ్‌గారు స్నానానికి దిగారు!"

వాషింగ్ మిషను గుండ్రటి అద్దం వెనక, నురగలో, దుప్పట్ల మధ్య, పసుప్పచ్చటి పెట్టె తిరుగుతోంది. ఒకసారి వచ్చి అద్దానికి కొట్టుకుంది. "మీరు ఇప్పుడు" అంది. మునిగిపోయింది.

హాలు హాలంతా పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు తెలియలేదు. వాడి మీద చెయ్యెత్తాను. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. వాడు కదల్లేదు. లేచిన నా చేతిని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించాడు.

"అది పిల్లలది వదినా," అన్నాడు. "నేను పెద్దోణ్ణి."

ఇరవయ్యో తారీఖుకి ఇంక పదకొండు రోజులే ఉంది.

వీధి చివర ఫోన్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళి మామూలు ఫోనే తీసుకున్నాం. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని అన్నీ ఓపిగ్గా పెట్టాడు.

"వేళకి మాట వినపడాలంటారు. ఎవరి గొంతు పెట్టమంటారమ్మా? ఇందులో ఉన్నదా, మీదా?"

"నాదే పెట్టండి. నా మాటైతే జవదాటడు."

"అయితే చెప్పండి. అంత గట్టిగా అరవకండమ్మా, ఫోనుకి చెవుడేం లేదు."

చెప్పాను. లే నాన్నా, తెల్లారింది. మాత్ర వేసుకో. స్టవ్ ఆపావా, చూడు. తాళం వెయ్యి, బయల్దేరు. వాడు ఫోను ముట్టుకుని ఆపేదాకా పది నిమిషాలకోసారి మళ్ళీ మళ్ళీ చెప్పేలా పెట్టమన్నాను. వదలొద్దన్నాను.

ఫోను చేతికి రాగానే వాడి నడకే మారిపోయింది. అందరిలాగే చొక్కా జేబులో వేసుకున్నాడు. డ్రయ్యరతని దగ్గరికెళ్ళి ఊరికే తీసి చూసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కనపడ్డ ప్రతిదాన్నీ ఫోటో తీశాడు: చెప్పులు, బస్సు వెనకభాగం, సూపర్‌వైజర్ బట్టతల. నేను ఇస్త్రీ చేస్తుంటే వెనకనుంచి నన్నూ తీశాడు.

మొదటి మూడు రోజులూ వేళకి పనికి వచ్చాడు. కానీ రెండింటికి నేను ఇల్లు చేరేసరికి తలుపు బార్లా తెరిచి ఉండేది. మూడో రోజున నా ఓపిక చచ్చిపోయింది.

"ఇల్లు దోచుకుపోయినా దిక్కులేదా? తాళం వేయకుండా గడప దాటావంటే చూడు నిన్నేం చేస్తానో!"

వాడు ఏదో చెప్పబోయాడు.

"ఒక్క మాట మాట్లాడకు. తాళం వేస్తేనే వెళ్ళు. అంతే."

నాలుగో రోజున తొమ్మిదైంది, పదైంది, తువ్వాళ్ళ బల్ల దగ్గర వాడు లేడు. షిఫ్టు మధ్యలో వదిలితే పని పోతుందేమోనని ఒంటిగంట దాకా ముళ్ళమీద నిలబడ్డట్టు నిలబడ్డాను. ఆ పిరికితనాన్ని నేను ఈనాటికీ మరిచిపోలేదు.

వీధి మలుపు తిరిగేసరికి మా గుమ్మం ముందు గొడుగులు. మెట్ల మీద వాడు పక్కకి తిరిగి పడి ఉన్నాడు. తల కుట్టుమిషనావిడ ఒళ్ళో ఉంది. పెదవి చీలి రక్తం వాననీళ్ళలో కలిసిపోతోంది. కుడిచేతిలో తాళం కప్ప బిగుసుకుపోయి ఉంది. మెట్టు మీద పడ్డ ఫోనులోంచి నేను మాట్లాడుతున్నాను. "తాళం వెయ్యి నాన్నా, బయల్దేరు."

"ముందు ఆ గొంతు ఆపమ్మా తల్లీ!" అని అరిచింది కుట్టుమిషనావిడ. "పొద్దుట్నుంచి ఒకటే పోరు. వాడు లోపలికెళ్తాడు, వెతుక్కుంటాడు, బయటికొస్తాడు. లోపలికి రారా, మా ఇంట్లో కూర్చోరా అంటే రాడే! నిలబడీ నిలబడీ ఫిట్స్ వచ్చి విరుచుకు పడిపోయాడు."

ఆసుపత్రిలో పెదవికి మూడు కుట్లు వేశారు. అక్కడి దుప్పటి మేం ఉతికినదే.

మర్నాడు మంచం మీద కూర్చోబెట్టి మెల్లగా అడిగాను. "తాళం ఎందుకు వేయలేదురా?"

"లోపల నువ్వున్నావుగా."

"నేను పనికెళ్ళానురా!"

"మరి మాట్లాడావుగా. మంచం కింద చూశాను. స్నానాల గదిలో చూశాను. నువ్వు దాక్కున్నావు." కుట్లు లాగుతుంటే పెదవి పట్టుకున్నాడు. "మనిషి లోపలుంటే తాళం వేయకూడదు. అమ్మ చెప్పింది."

మా అత్తగారు చెప్పిన మాటే అది. చిన్నప్పుడు ఆటలో వాడు ఆవిణ్ణి గదిలో పెట్టి తాళం వేసి వీధిలోకి వెళ్ళిపోయాడట. ఆ రోజు తిన్న దెబ్బలతో ఆ ఒక్క మాటా వాడిలో దిగిపోయింది. అందుకే మూడు రోజులు నన్ను లోపల ఉంచి తలుపు తీసిపెట్టి వెళ్ళాడు. నాలుగో రోజుకి నేను తాళం వేయకుండా వెళ్ళొద్దన్నాను. వేయడానికి లేదు, వెళ్ళడానికి లేదు. అయిదు గంటలు వానలో నిలబడ్డాడు.

నేను లేచి వెళ్ళి సంచి తీశాను. నాలుగు చొక్కాలు, రెండు పంట్లాములు, మందు సీసా. ఇంక నావల్ల కాదు, మా ఆడపడుచుకి కబురు చేసేద్దామనుకున్నాను. చొక్కాలు సర్దుతుంటే కళ్ళు కనపడటం లేదు. వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. సంచివైపు చూశాడు, నా మొహంలోకి చూశాడు, జేబులోంచి ఫోను తీశాడు.

"ఇది చూడు."

ఇస్త్రీ బల్ల దగ్గర నేను. తలకి లాండ్రీ టోపీ, పైన గోడ గడియారం.

"ఇక్కడుంటే నువ్వు ఇంట్లో లేవు," అన్నాడు.

కాసేపటికి గానీ నాకు బుర్రకెక్కలేదు. ఎక్కాక సంచిలోంచి చొక్కాలు బయటికి తీశాను.

"అయితే ఈ ఫోటో చూసి తాళం వేస్తావా?"

"ఇది మొన్నటిది." నా తెలివితక్కువకి వాడు విసుక్కున్నాడు. "రోజూది రోజూ పంపాలి."

పెద్దాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. ఈసారి నేను బల్లకి దూరంగా కూర్చున్నాను. ఏది కావాలో వాడే చూపించాడు. నా గొంతు తీసేయించాడు. ఉత్త గంట చాలన్నాడు. గంట మోగగానే వాడు తీసిన ఫోటోలే వస్తాయి: మాత్రల అట్ట, స్టవ్ మీట, తాళం, బస్సు నుదుటి మీది అంకె. ఆ అంకె వాడు చదవలేడు. ఫోటో పక్కన పెట్టి పోల్చుకుంటాడు.

చిన్నోడి ఫోటోల గోల చూశాక, ఫోన్లు బయట పెట్టెలో పెట్టేసి రావాలని లాండ్రీలో కొత్తగా రూలు పెట్టారు. సూపర్‌వైజర్ని అడిగితే, "రెండు నిమిషాలు. తర్వాత అది నా కంటబడకూడదు," అన్నాడు. రోజూ అయిదింటికి టోపీ పెట్టుకుని గడియారం కింద నిలబడేదాన్ని, డ్రయ్యరతను ఫోటో తీసి పంపేవాడు. "కొంచెం నవ్వమ్మా, సంబంధం చూసేవాళ్ళకి కాదులే," అనేవాడు. నవ్వు వచ్చేది కాదు.

రెండు రోజులు సరిగ్గా జరిగింది. మూడో రోజు వేరే బస్సెక్కి, దిగి, నడిచి, పదింటికి తడిసి ముద్దయి వచ్చాడు. నాలుగో రోజు వానకి ఫోటో వెళ్ళనే లేదు. తొమ్మిది కొట్టేసరికి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తలుపువైపే చూస్తున్నాను. తొమ్మిదీ అయిదుకి వాడు వచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే మా గడప మీద కుట్టుమిషనావిడ కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతోంది.

"మా వదిన లోపల దాక్కుందేమో, కాస్త చూస్తుండండి అని చెప్పి పోయాడు," అంది. "మీ ఇంటికి కాపలా అయిపోయింది నా బతుకు."

ఇరవయ్యో తారీఖున నేను సెలవు పెట్టాను. మా ఆడపడుచు పొద్దున్నే దిగింది. చిన్నోడి గడ్డం పట్టుకుని, మొహం వెలుగులోకి తిప్పి, పెదవి మీది కుట్లు చూసింది. తర్వాత సంచిలోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది.

"నేను అన్నీ నింపేశాను వదినా. చివర నీ సంతకం చాలు."

"చదివి పెడతాను."

"అంతా చదవాలా ఇప్పుడు?"

"చదవాలి."

వేలు పెట్టి చదివాను. పేరు, వయసు, రోగం, మందు. ఆవిడకి విసుగొచ్చి లేచి వెళ్ళి చిన్నోడు చేసేది చూసింది. వాడు మాత్ర వేసుకున్నాడు. స్టవ్ దగ్గరికెళ్ళి ఫోటో చూసి, మీట చూసి, మళ్ళీ ఫోటో చూశాడు. నేను రెండో పేజీకి వచ్చాను. 'చేరే వ్యక్తి ఇష్టం' అని ఒక చిన్న గడి. అందులో మా ఆడపడుచు 'చెప్పలేడు' అని రాసింది.

"అమ్మడూ, వాణ్ణి అడిగావా?"

"ఏమని అడగను?"

 నేను మాత్రం ఎప్పుడడిగాను? ఆవిడ కలం తీసుకుని ఆ మాట కొట్టేశాను.

"చిన్నోడా, ఇలా రా. అక్కావాళ్ళ ఊళ్ళో హోమ్‌లో ఉంటావా, ఇక్కడుంటావా? నీ ఇష్టం ఏదైతే అది చెప్పు."

వాడు భోజనం డబ్బా పట్టుకుని నిలబడి ఆలోచించాడు. వాడు ఆలోచిస్తే కనుబొమలు దగ్గరికి వస్తాయి. 

"నువ్వు ఏడవకుండా ఉంటావంటే వెళ్తాను," అన్నాడు.

మా ఆడపడుచు చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.  నేను ఏడవకూడదు. పళ్ళు బిగబట్టి, "నా సంగతి వదిలెయ్ నాన్నా. నీకేం కావాలి?" అన్నాను.

జేబులో గంట మోగింది. వాడు ఫోను తీసి చూశాడు.

"బస్సు," అన్నాడు. "సాయంత్రం మాట్లాడదాం."

తాళం తెచ్చి నా చేతిలో పెట్టి, గొడుగు తీసుకుని మెట్లు దిగాడు.

"ఆగరా, నేనూ వస్తా," అని మా ఆడపడుచు లేవబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. కిటికీలోంచి బస్సుల చోటు కనపడుతుంది. ఒక బస్సు వచ్చి ఆగింది. వాడు ఫోను పైకెత్తి బస్సు నుదుటి పక్కన పట్టి చూశాడు. ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయింది. వాన పెరిగింది. వాడు అలాగే నిలబడ్డాడు. ఎంతసేపో చెప్పలేను. ఇంకో బస్సు వచ్చి అడ్డం నిలబడింది. అది కదిలాక చూస్తే అక్కడ ఎవరూ లేరు.

"ఎక్కాడా?" అంది.

"ఎక్కాడు," అన్నాను. చూడలేదు నేను.

కాగితం దగ్గరికి జరుపుకుని ఆ గడిలో, కొట్టేసిన మాట పక్కన, పట్టినంత చోటులో రాశాను. 'పనికి వెళ్ళాడు.'

ఆవిడ వంగి చదివింది. "ఇది జవాబా వదినా?"

"వాడిచ్చింది ఇదే."

"ముందొక మాటన్నాడు. అదీ రాయి మరి."

"గడి చిన్నది," అన్నాను.

ఆవిడ నావైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. కాగితం మడిచి సంచిలో వేసుకుని, సాయంత్రం వాడొచ్చేదాకా ఉండే వెళ్తానంది. లాండ్రీకి ఫోన్ చేసి కనుక్కుందామా అని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరం గుమ్మంలో పీటలు వేసుకుని కూర్చున్నాం. నాలుగున్నర అయింది. ఇంకో పది నిమిషాలైంది. వీధి చివర వాడి గొడుగు కనపడ్డాక మా ఆడపడుచు లేచి లోపలికెళ్ళింది. ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చేయండి అని హోమ్‌వాళ్ళకి ఫోనులో చెప్తోంది. ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.